వెన్నెల నవ్వు, నవ్వుల వెన్నెల

ఎనిమిదేళ్ళ పిల్లలకు ఉపమను, రూపకాన్ని పరిచయం చేయడం మొదలుపెట్టిన సంవత్సరం, నేను ఒక్క సూత్రంతో ఆ పని ముగించేశాను. వాక్యంలో ‘వలె’, ‘లాగా’, ‘వంటి’, ‘అట్లు’ అనే మాటల్లో ఏదైనా కనిపిస్తే అది ఉపమ, అవేవీ లేకుండా పోలిక ఉంటే రూపకం అని చెప్పి, నల్లబల్ల మీద రాసి, పిల్లల చేత రెండుసార్లు చదివించి, ఎంతో తేలికగా అయిపోయిందనుకున్నాను. మరుసటి వారం ఒక చిన్న పేరా ఇచ్చి, అందులోని ఉపమల కింద గీతలు గీయమన్నాను. ఒక అమ్మాయి ‘నిన్నలాగే ఈ రోజు కూడా ఆలస్యంగా లేచాను’ అన్న వాక్యం కింద, ‘అక్క చెప్పినట్లు చేశాను’ అన్న వాక్యం కింద, ‘వాన వచ్చేలా ఉంది’ అన్న వాక్యం కింద స్కేలు పెట్టి మరీ వంకర లేకుండా మూడు గీతలు గీసింది. అదే పేరాలో ఉన్న ‘తేనెపలుకులు’ అనే మాటను మాత్రం ముట్టుకోలేదు. ఆ అమ్మాయి తప్పేమీ చేయలేదు, నేను చెప్పిన సూత్రాన్ని పొల్లు పోకుండా పాటించింది. తప్పు సూత్రంలోనే ఉందని నాకు అర్థం కావడానికి ఆ మూడు గీతలు సరిపోయాయి.

తెలుగులో ‘లా’ అనే ప్రత్యయం చేసే పనులు ఒకటీ రెండూ కావు. ‘వాన వచ్చేలా ఉంది’ అన్నప్పుడు అది సూచనను చెబుతుంది, ‘అందరికీ వినపడేలా చదువు’ అన్నప్పుడు ఒక పని ఎలా జరగాలో చెబుతుంది, ‘నాలాగే తమ్ముడికీ జ్వరం వచ్చింది’ అన్నప్పుడు ‘కూడా’ అనే మాట చేయవలసిన పనిని చేస్తుంది. ‘అట్లు’ కూడా అంతే: ‘నిద్రపోతున్నట్లు నటించాడు’ అనే వాక్యంలో నటన ఉంది గాని పోలిక లేదు. ఇది ఒక వైపు చిక్కు. రెండో వైపు చూస్తే, మన భాషలో ఎన్నో ఉపమలు ఆ ‘వలె’ను, ‘వంటి’ని సమాసంలో మింగేసి కూర్చుంటాయి. తేనెపలుకు అంటే తేనె వంటి పలుకు, కలువకన్నులంటే కలువల వంటి కన్నులు. పైకి గుర్తు కనిపించనంత మాత్రాన అవి రూపకాలైపోవు. కాబట్టి గుర్తును వెతకమని చెప్పిన పిల్లవాడు లేనిచోట పోలికను చూస్తాడు, ఉన్నచోట చూడకుండా దాటిపోతాడు.

అందువల్ల ఇప్పుడు నేను గుర్తు దగ్గర కాకుండా, పోలికలో పాల్గొనే రెండు వస్తువుల దగ్గర మొదలుపెడుతున్నాను. మన అలంకారశాస్త్రం ఉపమకు నాలుగు అంగాలు చెప్పింది. దేన్ని వర్ణిస్తున్నామో అది ఉపమేయం, దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గుణం సమానధర్మం, ఆ రెంటినీ కలిపే మాట ఉపమావాచకం. నాలుగూ కనిపిస్తే పూర్ణోపమ, ఏదో ఒకటైనా లోపిస్తే లుప్తోపమ. చిన్నపిల్లల ముందు ఈ పేర్లు ఉచ్చరించకుండానే వీటిలోని ఆలోచన అంతటినీ మూడు ప్రశ్నల్లో పెట్టవచ్చు: మనం ఎవరి గురించి మాట్లాడుకుంటున్నాం? పక్కన ఎవరిని తెచ్చి నిలబెట్టాం? ఎందుకు తెచ్చాం? ‘నిన్నలాగే ఆలస్యంగా లేచాను’ అన్నచోట మొదటి ప్రశ్నకు ‘నేను’ అనే జవాబు వస్తుంది గాని, పక్కకు వచ్చి నిలబడినవాళ్ళెవరూ ఉండరు. ఆ మాట పిల్లలు తమంతట తామే చెబుతారు.

నాలుగో ప్రశ్న ఒకటి నేను తర్వాత కలిపాను: తెచ్చి నిలబెట్టింది అదే జాతిదా, వేరే జాతిదా? ‘చెల్లి అచ్చం అక్కలా ఉంటుంది’ అనేది నిజమైన పోలికే, కానీ అది అలంకారం కాదు. గవయం అనే అడవి జంతువు ఆవు వంటిది అని చెప్పడం, న్యాయదర్శనమనే మన తర్కశాస్త్రంలో, పోలిక ద్వారా తెలుసుకోవడం అనే అర్థంలో వాడే ఉపమానానికి బాగా పేరున్న ఉదాహరణ. ఎన్నడూ చూడని జంతువును అడవిలో ఆనవాలు పట్టడానికి ఆ మాట పనికొస్తుంది. అయితే అందులో చమత్కారం లేదు కనుక అది ఉపమాలంకారం కాదని ఆలంకారికులు తేల్చి చెప్పారు. ఇంత సూక్ష్మమైన భేదం ఎనిమిదేళ్ళవాళ్ళకు ఎందుకని అనిపించవచ్చు గాని, వాళ్ళు దీన్ని పెద్దల కంటే త్వరగా పట్టుకుంటారు. ‘చెల్లి అక్కలా ఉంది’ అంటే ఎవరూ నవ్వరు, ‘చెల్లి ఉడతలా ఉంది’ అంటే గది మొత్తం నవ్వుతుంది. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే చాలు.

పిల్లలకు పోలికలు చేయడం మనం నేర్పనక్కరలేదన్న సంగతిని ఇక్కడే చెప్పుకోవాలి. మూడేళ్ళ పిల్ల పెన్సిలును దువ్వెనగా చేసుకుని బొమ్మకు తల దువ్వుతుంది. అయితే చంద్రుణ్ణి చూసి ‘బంతి’ అన్న ప్రతి పసివాడూ రూపకం చెప్పినట్లు కాదు. చంద్రుడు అనే మాట వాడికి ఇంకా తెలియకపోతే, ఉన్న మాటతో సరిపెట్టుకున్నాడంతే. అసలు పేరు తెలిసి ఉండీ దాన్ని పక్కన పెట్టి, కళ్ళు మెరిపిస్తూ ‘బంతి’ అన్నప్పుడు అది రూపకమవుతుంది. చేయడం వాళ్ళకు వచ్చు. చేసినదాన్ని ఆగి చూసుకోవడం, ఎదుటివాళ్ళు చేసినదాన్ని విప్పి చూడడం మనం నేర్పవలసిన పని.

విప్పడానికి నేను వాడే సాధనం ఒక కాగితం, దానికి రెండు మడతలు. ఎడమ గడిలో వర్ణించే వస్తువు, కుడి గడిలో తెచ్చిన వస్తువు, నడిమి గడిలో రెండింటికీ కలిసిన గుణం రాయాలి. కాగితం వెనక వైపు, ఏవి కలవవో రాయాలి. ఈ వెనక వైపు రాతను చాలామంది వదిలేస్తారు గాని, నా లెక్కలో అసలు చదువంతా అక్కడే ఉంది. ఒకసారి ఒక పిల్లవాడు ‘మా నాన్న గురక రంపం లాంటిది’ అని రాసి, నడిమి గడిలో ‘పెద్ద చప్పుడు’ అని పెట్టాడు. పెద్ద చప్పుడు చేసేవి ఎన్నో ఉన్నాయి కదా, ఉరుము లాంటిదని ఎందుకు రాయలేదని అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, కుడిచేతిని రంపంలా ముందుకీ వెనక్కీ కదిపి చూపిస్తూ, ‘ఉరుము ఒక్కసారే వస్తుంది టీచర్, రంపానికి వెళ్ళేటప్పుడు ఒక చప్పుడు, వచ్చేటప్పుడు ఇంకో చప్పుడు, నాన్నకి కూడా అంతే’ అన్నాడు. తర్వాత నడిమి గడిలో ‘పెద్ద చప్పుడు’ను కొట్టేసి ‘రెండు చప్పుళ్ళు, ఒకటి పోయేది ఒకటి వచ్చేది’ అని రాసుకున్నాడు. కాగితం వెనక ‘నాన్న దేన్నీ కోయడు’ అని రాశాడు. వాడి పోలిక ముందే బాగుంది, కానీ అది ఎందుకు బాగుందో వాడికి ఆ క్షణంలోనే తెలిసింది.

సమానధర్మం బయటికి కనిపించేదైతే, అంటే రంగో, ఆకారమో, చప్పుడో అయితే, ఆరేడేళ్ళ పిల్లలు కూడా తడుముకోకుండా చెబుతారు. మబ్బు దూదిలా ఉందంటే చాలు, వాళ్ళకు అందిపోతుంది. అదే సమానధర్మం మనసుకు సంబంధించినదైతే దారి కాస్త కష్టమవుతుంది. 1976లో ఎలెన్ విన్నర్, ఆన్ రోజెన్‌స్టీల్, హోవర్డ్ గార్డ్‌నర్ అనే పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, చాలా ఏళ్ళు జైలులో పనిచేసిన కాపలావాడు కదలని బండరాయిగా మారిపోయాడన్న అర్థం వచ్చే వాక్యాన్ని పిల్లలకు వినిపించి అర్థం అడిగారు. ఆ పిల్లల్లో బాగా చిన్నవాళ్ళు చెప్పిన అర్థాల్లో, మంత్రం వల్ల అతను నిజంగానే రాయైపోయాడనే తరహావి ఉన్నాయి. మరికొందరు మనిషికీ రాయికీ ఉన్న గట్టిదనాన్ని పట్టుకుని, అతని కండలు గట్టిపడ్డాయన్నట్లు చెప్పారు. కరకుదనమనే అర్థాన్ని పెద్ద పిల్లలు అందుకోగలిగారు. ఈ సంగతి చదివిన తర్వాతే, చిన్న తరగతిలో పోలికలను ఎత్తుకునేటప్పుడు నేను ‘రాతిగుండె’ లాంటి మాటలతో కాకుండా, చూడగలిగే, వినగలిగే వాటితో మొదలుపెట్టడం నేర్చుకున్నాను.

అయినా రూపకం దగ్గర ఒక గడ్డు ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. ‘మా తమ్ముడు సుడిగాలి’ అని బల్ల మీద రాసిన రోజున, వెనక వరసలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, ‘తమ్ముడు గాలి ఎలా అవుతాడు టీచర్, అది అబద్ధం కదా’ అంది. ‘సుడిగాలిలాంటివాడు’ అన్నప్పుడు ఆ అమ్మాయికి ఏ అభ్యంతరమూ లేకపోయింది, ఆ ‘లాంటి’ తీసేసరికి వాక్యం అబద్ధమైపోయింది. నిజానికి ఇది చాలా తెలివైన ప్రశ్న. ఉపమ ప్రతిసారీ ఎంతో కొంత నిజమే చెబుతుంది, రూపకం పైకి చూస్తే నిజం చెప్పదు. నేను వెంటనే జవాబు చెప్పకుండా ప్రశ్నను తరగతి మీదికి వదిలాను. పది నిమిషాల గోల తర్వాత ఒక పిల్లవాడు, ‘అబద్ధం చెప్పేవాళ్ళు మనం నమ్మాలని చెబుతారు, దీన్ని ఎవరూ నమ్మరు, చెప్పినవాడికీ తెలుసు’ అన్నాడు. అంతకంటే మంచి నిర్వచనం నా దగ్గర లేదు కనుక, ఆ రోజు నుంచి మా తరగతిలో రూపకాన్ని ‘ఎవరూ నమ్మని మాట’ అనే పిలుస్తున్నాం. ప్రశ్న వేసిన అమ్మాయి మాత్రం పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోనక్కరలేదు కూడా.

ఉపమకూ రూపకానికీ మధ్య గోడ కట్టి, ఇవి రెండు వేర్వేరు జాతులని చెప్పే పద్ధతి నాకు నచ్చదు. సంస్కృత ఆలంకారికుడు దండి తన కావ్యాదర్శంలో, భేదం మరుగుపడిన ఉపమనే రూపకమన్నాడు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ కూడా, ఒక వీరుడు సింహంలా దూకాడంటే ఉపమ, ఆ వీరుణ్ణే ఉద్దేశించి సింహం దూకిందంటే రూపకం, రెంటికీ తేడా కొంచెమే అని చెప్పాడు. రెండు దేశాల వాళ్ళు ఒకే చోటికి వచ్చారంటే, ఆ దారిలోనే పిల్లలను నడిపించడం సులువని నాకు తోచింది. అందుకే ఒకే పోలికను తీసుకుని, దాన్ని మెట్టు మెట్టుగా దగ్గర చేసి చూపిస్తాను.

‘ఆమె నవ్వు వెన్నెలలా ఉంది’ అని మొదట రాస్తాను. దాని కింద ‘వెన్నెల వంటి నవ్వు’ అని, దాని కింద ‘వెన్నెల నవ్వు’ అని రాస్తాను. ఆఖరున మాటల వరస తిప్పి ‘నవ్వుల వెన్నెల’ అని రాసి, ఏం మారిందో చెప్పమంటాను. మొదట ‘ఏమీ మారలేదు, తిరగేశారు అంతే’ అంటారు. అప్పుడు చివరి మాట మీద వేలు పెట్టమంటాను. ‘వెన్నెల నవ్వు’లో చివర ఉన్నది నవ్వు, అంటే మన చేతిలో ఇంకా నవ్వే ఉంది, వెన్నెల దానికి వన్నె మాత్రమే తెచ్చింది. ‘నవ్వుల వెన్నెల’లో చివర ఉన్నది వెన్నెల, అంటే నవ్వే వెన్నెలైపోయింది. మొదటిదాన్ని ‘వంటి’ పెట్టి విప్పాలి, రెండోదాన్ని ‘అనే’ పెట్టి విప్పాలి: వెన్నెల వంటి నవ్వు, నవ్వులనే వెన్నెల. వ్యాకరణంలో మొదటిది ఉపమాన పూర్వపద కర్మధారయం, రెండోది రూపక సమాసం. పెద్ద తరగతుల్లో సమాసాలను ఒక పాఠంగా, అలంకారాలను వేరొక పాఠంగా, మధ్యలో ఎన్నో నెలల దూరం పెట్టి ఎందుకు చెబుతామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రెండు చోట్లా ఉన్నది ఒకే విషయం.

‘వంటి’, ‘అనే’ చేతికి వచ్చాక పిల్లలు కనిపించిన ప్రతి జంటమాటనూ విప్పడం మొదలుపెడతారు. మాటల తూటాలు, కోపాగ్ని, జ్ఞానజ్యోతి, విద్యాధనం ‘అనే’ గంపలో పడతాయి. తేనెపలుకు, కలువకన్ను, రాతిగుండె ‘వంటి’ గంపలో పడతాయి. ఆ ఊపులో ఒకడు రాతిగోడను కూడా ‘వంటి’ గంపలో వేశాడు. ‘రాయి లాంటి గోడా?’ అని అడిగితే నాలుక కరుచుకుని, ‘కాదు, రాయితోనే కట్టారు’ అన్నాడు. రాతిగోడలో నిజంగా రాయి ఉంది, రాతిగుండెలో రాయి లేదు. లేని రాయిని ఎందుకు తెచ్చారన్నదే అలంకారం. వెన్నెల నవ్వుకూ వెన్నెల రాత్రికీ ఉన్న తేడా కూడా ఇదే అని, నేను చెప్పకముందే పక్కనున్న పిల్ల చెప్పింది.

సంస్కృత సమాసాల దగ్గర మాత్రం ఈ చివరి మాట చిట్కా మొరాయిస్తుంది. ముఖకమలాన్ని కమలం వంటి ముఖమనీ విప్పవచ్చు, ముఖమనే కమలమనీ విప్పవచ్చు, సమాసాన్ని ఎంత సేపు చూసినా ఏదో ఒకటని తేలదు. అప్పుడు క్రియను చూడాలి. ‘ముఖకమలం వికసించింది’ అంటే వికసించడం కమలం చేసే పని కనుక అక్కడ రూపకం, ‘ముఖకమలం చెమర్చింది’ అంటే చెమట పట్టడం ముఖానికి గాని కమలానికి ఉండదు కనుక అక్కడ ఉపమ. ఇది పూర్వ ఆలంకారికులు వాడిన పద్ధతే. పదేళ్ళ లోపు పిల్లలకు ఇంత దూరం వెళ్ళవలసిన పని లేదు గాని, ‘ఈ పని ఎవరు చేస్తారు?’ అనే ప్రశ్నను మాత్రం ముందు నుంచీ అలవాటు చేయడం మంచిది. ‘తమ్ముడు ఇల్లంతా సుడిగాలై తిరిగి పుస్తకాలన్నీ ఎగరగొట్టాడు’ అన్నప్పుడు ఎగరగొట్టడం ఎవరి పని అని అడిగితే, రూపకం ఒక్క మాటలో ఆగకుండా వాక్యమంతా పాకిందని వాళ్ళకు కనిపిస్తుంది.

మూడో తలుపు తట్టే అలంకారాలూ ఉంటాయి. ‘ఆ మబ్బులు ఏనుగుల గుంపేమో!’ అని ఒకరంటారు, అది ఒకదాన్ని మరొకటేమోనని ఊహించే ఉత్ప్రేక్ష. ‘కొండంత ఆకలి’ అని ఇంకొకరంటారు, అందులో పోలిక కంటే అతిశయోక్తి పాలు ఎక్కువ. ‘కాళ్ళకు బుద్ధి చెప్పాడు’ లాంటి జాతీయాలను కూడా తెచ్చి పడేస్తారు. వీటన్నిటికీ ఆ వయసులో పేర్లు పెట్టబోతే గందరగోళం తప్ప మరేమీ మిగలదు కనుక, బాగుందని మెచ్చుకుని, వేరే కాగితం మీద దాచిపెట్టి ముందుకు సాగిపోతాను.

పేర్ల విషయంలో నాకు తొందర లేదు. ఉపమ, రూపకం అనే మాటలు పలకడానికి కష్టమైనవేమీ కావు, పిల్లలు వాటిని ఒక్క రోజులో నేర్చుకుంటారు, అసలు చిక్కు కూడా అదే. పేరు రాగానే విషయం వచ్చేసిందని మనమూ, వాళ్ళూ అనుకుంటాం. ఏ తరగతిలో చూసినా ముఖం చంద్రబింబంలా ఉందన్న ఒక్క ఉదాహరణే పిల్లల నోట పలకడానికి కారణం ఇదే. చంద్రుడిలా ఎందుకు అని ఆ పిల్లలను అడిగి చూడండి, ‘గుండ్రంగా ఉంటుంది కనుక’ అనేవారు కొందరు, ‘తెల్లగా’ అనేవారు కొందరు, ఎక్కువ మంది అసలు ఆ ప్రశ్న ఎప్పుడూ వినలేదన్నట్లు చూస్తారు. చూస్తే హాయిగా ఉంటుందన్న ఆహ్లాదం అనే సమానధర్మాన్ని శాస్త్రం చెప్పింది గాని, పాఠం చెప్పేవాళ్ళం దాన్ని పిల్లల దాకా చేర్చలేదు.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం, గోడ మీద గడియారం వైపు చూస్తూ గంట ఎప్పుడు కొడతారా అని ఎదురుచూస్తున్న ఒక పిల్లవాడు హఠాత్తుగా, ‘టీచర్, పెద్ద ముల్లు అంటాం కదా, అది ముల్లు వంటిదా, ముల్లు అనేదా?’ అని అడిగాడు. ఇన్నేళ్ళుగా టైము చెప్పడం నేర్పుతూ ‘పెద్ద ముల్లు, చిన్న ముల్లు’ అని వందలసార్లు అన్నదాన్ని, అందులో ఒక ముల్లు ఉందన్న సంగతే నాకు తోచలేదు. ‘వంటి’ అని కొందరు, ‘అనే’ అని కొందరు వాదించుకున్నారు. చివరికి, ‘దాన్ని ముల్లు అనక ఇంకేమంటాం, దానికి వేరే పేరే లేదుగా’ అని ఒక పిల్ల అనేసరికి ఇద్దరి వాదమూ ఆగిపోయింది. మరుసటి రోజు పొద్దున నేను వచ్చేసరికి బల్ల మీది ‘వంటి’, ‘అనే’ వరసల పక్కన, పైన పేరేమీ రాయని మూడో వరస ఒకటి ఉంది. అందులో దువ్వెన పళ్ళు, సీసా మెడ, కుర్చీ కాళ్ళు, నది పాయ అని నాలుగు రకాల చేతిరాతల్లో రాసి ఉన్నాయి. ‘పాయ’ ఎదురుగా ఒక చిన్న జడ బొమ్మ వేసి ఉంది.